పాత స్పోర్ట్స్ కారుకు ఫైబర్‌గ్లాస్ బాడీ కిట్టు బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం ప్రాంతాల్లో పాత కార్లను ప్రాణప్రదంగా చూసుకునే తెలుగువారు కొందరున్నారు. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, ఎంజీబీ, స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కార్లకు ఫైబర్ బానెట్టో, వెడల్పు మడ్‌గార్డులో, ముందు స్పాయిలరో (బంపరు కింద గాలిని మళ్లించే పలక) వేయాలనుకున్నప్పుడు వారికి వచ్చే సందేహాలు దాదాపు ఒక్కటే. ఆ ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి, పని జరిగే వరుసలో ఇక్కడ కూర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## కిట్టు కొనేముందు

ఇలాంటి కిట్టు బిగించడానికి చట్టం ఒప్పుకుంటుందా?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటితో విభేదించేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను ఇలాగే గట్టిగా వ్యాఖ్యానించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అసలు బానెట్ ఆకారాన్నే ఫైబర్‌లో దింపి వేసుకోవడం ఒక సంగతి, బండి వెడల్పు పెరిగేలా మడ్‌గార్డులు వేయడం మరో సంగతి. రెండో దానికి అభ్యంతరం వచ్చే అవకాశం చాలా ఎక్కువ. కాబట్టి డబ్బు కట్టకముందే కిట్టు ఫొటోలు, కొలతలు జతచేసి మీ జిల్లా ఆర్టీఓకు దరఖాస్తు పెట్టి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. కౌంటరు దగ్గర నోటిమాటగా చెప్పిన అనుమతి రేపు చెక్‌పోస్టు దగ్గర పనికిరాదు.

ఆంధ్రా నంబరు ఉన్న కారును ఒడిశాలో ఉంచుకున్నాం. ముందు రిజిస్ట్రేషన్ మార్చుకోవాలా, కిట్టు వేయాలా?

ముందు రిజిస్ట్రేషనే. మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. సాలూరు, పార్వతీపురం, పలాస వైపు కొన్న కార్లు ఇటు చేరి ఏళ్ల తరబడి పాత నంబరుతోనే తిరగడం సరిహద్దు జిల్లాల్లో మామూలే. నంబరు మార్చేటప్పుడు బండిని తనిఖీకి తీసుకువెళ్లాల్సి రావచ్చు. ఆ వేళకు కారు అసలు రూపంలో ఉంటే పని సులువుగా సాగుతుంది.

మా కారు 50 ఏళ్లు దాటింది. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు కిట్టు అడ్డవుతుందా?

అడ్డయ్యే అవకాశం నిజంగానే ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయవచ్చు. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలి. చాసిస్‌లోగానీ, బాడీ షెల్‌లోగానీ, ఇంజన్‌లోగానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుము. నంబరు ప్లేటు మీద రాష్ట్ర అక్షరాల తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. బండికి ఆ గౌరవం దక్కాలని మీకుంటే షెల్‌ను కోసే కిట్టు జోలికి అసలు వెళ్లవద్దు. విప్పదీసి మళ్లీ అసలు భాగాలు పెట్టుకోగలిగిన కిట్టు అయితే, వింటేజ్ తనిఖీకి వెళ్లేముందు కారును పూర్తిగా పాత రూపానికి తెచ్చుకోండి.

కిట్టు ఏ కారుకైనా ఒకలాగే కూర్చుంటుందా?

కూర్చోదు. కారు కట్టుబడిని బట్టి పని మారిపోతుంది. స్పిట్‌ఫైర్ 1962 నుంచి 1980 వరకు తయారైంది. దాని చాసిస్‌కు మూలం హెరాల్డ్ చాసిస్. మద్రాసులో 1960లలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా ఆ కుటుంబానిదే కావడం వల్ల మనవైపు పాత మెకానిక్కులకు ఈ కట్టుబడి పరిచయమే. ఈ రెండింటికీ ముందు భాగమంతా ఒకే బానెట్‌గా ముందుకు ఒరుగుతుంది కాబట్టి, ఫైబర్ బానెట్ వేయడానికి అసలు రేకును ముట్టుకోవలసిన పని లేదు. కానీ స్పిట్‌ఫైర్‌లో హెరాల్డ్‌కు ఉన్నట్టు చాసిస్ పక్క చట్రాలు లేవు. ఆ బలాన్ని తలుపుల కింది పెట్టె రేకులు మోస్తాయి. సైడ్ స్కర్ట్ (తలుపుల కింద బిగించే పలక) కోసం వాటిని కోస్తే కారు నడుము విరిచినట్టే. ఎంజీబీకి విడి చాసిస్ లేదు, బాడీయే చాసిస్. దానికి ముందు మడ్‌గార్డులు బోల్టులతో ఊడి వస్తాయి, వెనుకవి వెల్డింగ్‌తో ఉంటాయి. అందువల్ల ఎంజీబీలో ముందు భాగం పని తేలిక, వెనుక భాగం పని మాత్రం చాలా జాగ్రత్త కోరుతుంది.

ఫైబర్ వేస్తే బరువు బాగా తగ్గుతుందట కదా?

తగ్గుతుంది గానీ ప్రకటనల్లో చెప్పినంత తగ్గదు. ఉక్కు సాంద్రతలో ఫైబర్‌గ్లాస్‌ది అయిదో వంతు మాత్రమే అయినా, ఫైబర్ పలకను ఉక్కు రేకు కంటే చాలా మందంగా చేయాలి. 0.9 మిల్లీమీటర్ల ఉక్కు రేకు చదరపు మీటరుకు 7 కిలోల పైచిలుకు తూగితే, 3 మిల్లీమీటర్ల ఫైబర్ పలక సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది. లోపల బలం కోసం కట్టిన పట్టీలు, బ్రాకెట్లు కలిస్తే ఆ తేడా ఇంకా తగ్గిపోతుంది.

విదేశం నుంచి తెప్పించాలా, గోపాలపురం తీరంలో ఫైబర్ పడవలు చేసేవారితో చేయించుకోవచ్చా?

రెండూ సాధ్యమే. విదేశీ కిట్టుకు సుంకాన్ని వస్తువు ధర మీద మాత్రమే లెక్కించరు. రవాణా, బీమా ఖర్చులు కూడా కలిపి లెక్కిస్తారు. అందువల్ల బానెట్ లాంటి పెద్ద పెట్టెకయ్యే మొత్తం ఖర్చు అసలు ధరను బాగా మించవచ్చు. గంజాం తీరంలోనూ విశాఖ వైపూ ఫైబర్ పడవలకు మరమ్మతు చేసే పనివారికి మ్యాట్ (గాజుపీచు పరత), రెజిన్ (ఆ పీచును తడిపి గట్టిపడే జిగురు ద్రవం) మీద ఉన్న చేతి నేర్పు ఏ కార్ షెడ్డులోనూ దొరకదని నా అభిప్రాయం. అయితే వారి అలవాటు పడవకు తగినట్టు ఉంటుంది. మందం ఎక్కువ వేస్తారు, నున్నదనం మీద అంత పట్టింపు ఉండదు. వారితో పని చేయించేటప్పుడు అచ్చు తీసే బాధ్యత మీరే దగ్గరుండి చూసుకోండి. సొట్టలు లేని అసలు బానెట్‌ను బాగా మైనం పట్టించి, దాని మీదే అచ్చు తీయాలి. అచ్చులో ఒక అల ఉంటే అందులోంచి వచ్చే ప్రతి భాగంలోనూ ఆ అల ఉంటుంది. భాగాన్ని చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్‌తో రెండు మూడు పొరలుగా వేయించి, అంచుల దగ్గర మాత్రం అదనపు పొర అడగండి. ఒక్కో పొర ఎండాక దాదాపు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది.

## కిట్టు చేతికి అందాక

పార్సిల్ విప్పగానే ఏమేం చూడాలి?

లారీ ఆఫీసులో సంతకం పెట్టకముందే పెట్టె మూలలు నలిగాయేమో చూసి, నలిగితే ఫొటో తీసి, రసీదు మీద ఆ మాట రాయండి. ఇంటికి తెచ్చాక భాగాన్ని నిలబెట్టి దాని వెనుక ఒక బల్బు వెలిగించండి. పల్చటి చోట్లు ప్రకాశంగానూ, మందమైన చోట్లు మసకగానూ కనిపిస్తాయి. రెజిన్ సరిగా తడవని మ్యాట్ తెల్లటి పీచు మచ్చల్లా తేలుతుంది. తర్వాత రూపాయి బిళ్ల అంచుతో ఉపరితలమంతా మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా కూర్చున్న చోట ‘టక్’ మని పొడి శబ్దం వస్తుంది. జెల్‌కోటు (భాగం పైనుండే నున్నటి రెజిన్ పూత) కింద గాలి బుడగ ఉన్న చోట శబ్దం డొల్లగా మారుతుంది. ఆ చోట్లను పెన్సిలుతో చుట్టి గుర్తుపెట్టుకోండి. ఇవి ఎక్కువగా అంచుల మలుపుల్లోనూ, హెడ్‌లైటు గుండ్రాల చుట్టూ ఉంటాయి. పెయింట్ వేశాక ఎండలో పగిలేవి ఆ బుడగలే. వాటిని ఇప్పుడే తెరిచి పూడ్చుకోవాలి.

బానెట్ కొంచెం మెలి తిరిగినట్టుంది. పాడైపోయినట్టేనా?

చాలాసార్లు పాడైనట్టు కాదు. అచ్చులోంచి త్వరగా తీసిన భాగాలు, రవాణాలో వంకరగా ఆనుకున్న భాగాలు ఇలా తిరుగుతాయి. దాన్ని కారు మీద సరైన స్థితిలో అమర్చి, అవసరమైన చోట చెక్క ముక్కలు పెట్టి, తేలికపాటి బిగింపులతో పట్టి, కొన్నాళ్లు ఎండ వేడి తగిలేలా ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. మంటను మాత్రం దగ్గరికి తీసుకురాకండి. హీట్ గన్ వాడితే దూరం నుంచి, ఆపకుండా కదుపుతూ వాడాలి. బలవంతంగా బోల్టులతో లాగి కూర్చోబెట్టిన బానెట్, ఎప్పుడో ఒకప్పుడు ఆ బోల్టు దగ్గరే చీలుతుంది.

బిగించేదాకా ఎక్కడ దాచాలి?

నీడలో, నేలకు ఆనకుండా, మొత్తం పొడవునా ఆసరా ఉండేలా దాచండి. గోడకు వాల్చి వదిలేయకండి.

## కారును సిద్ధం చేయడం

తుప్పు పని ముందా, కిట్టు ముందా?

తుప్పు పని ముందు. ఇందులో మినహాయింపు లేదు. తుప్పు పట్టిన రేకు మీద కొత్త ఫైబర్ కప్పితే కంటికి కనపడకుండా లోపల తినేయడం ఆగదు, పైగా నీరు నిలిచే కొత్త మూలలు ఏర్పడతాయి. తలుపుల కింది పెట్టెలు, మడ్‌గార్డుల లోపలి మడతలు, బానెట్ కీలు పడే చట్రం ముందు చివర, బ్యాటరీ తట్టు — వీటిని సూది మొనగల సుత్తితో తట్టి చూడండి. మెత్తబడిన చోట రేకు మార్పించి వెల్డింగ్ చేయించాలి. ఫైబర్ భాగం పక్కన ఉండగా వెల్డింగ్ చేయకూడదు. నిప్పురవ్వ జెల్‌కోటును కాలుస్తుంది, రెజిన్ అంటుకుంటుంది.

చాసిస్ తిన్నగా ఉందో లేదో షెడ్డులో ఎలా తెలుసుకోవాలి?

సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద కారును నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, చాసిస్ మీద కుడి ఎడమల ఒకే బోల్టు రంధ్రాల నుంచి తూకపు గుండును వేలాడదీసి, అది తాకిన బిందువులను నేల మీద సుద్దతో గుర్తుపెట్టండి. కారు తీసేశాక ఆ బిందువుల మధ్య మూల నుంచి మూలకు కొలతలు తీయండి. ఎదురెదురు కర్ణాలు సమానంగా ఉంటే చట్రం తిన్నగా ఉన్నట్టే. అయిదారు మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే ముందు చట్రాన్ని సరిచేయించండి. సాలూరు లారీ షెడ్లలో చట్రాలు సరిచేసే అనుభవజ్ఞులున్నారు, వారి సాయం తీసుకోవచ్చు.

## పొందిక, కోత, బిగింపు

గ్యాపులు కలవడం లేదు. తప్పు కిట్టుదా, కారుదా?

ఎక్కువసార్లు ఇద్దరిదీ కొంత ఉంటుంది. పొందిక చూడటానికి ఎప్పుడూ తలుపుల నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే కారులో కదలని గుర్తు తలుపు స్తంభమే. తలుపు కీళ్లు అరిగి కిందికి జారి ఉంటే బానెట్ వెనుక అంచు ఎంత సర్దినా కలవదు. ముందు కీళ్ల పిన్నులు మార్చి, తలుపును సరిగ్గా వేలాడదీసి, ఆ తర్వాత ఫైబర్ భాగాన్ని పట్టండి. స్పిట్‌ఫైర్, హెరాల్డ్ బానెట్లకు ముందు కీళ్ల దగ్గర సర్దుబాటు ఉంది. ముందు ఎత్తు, తర్వాత పక్కలు, చివర వెనుక అంచు అనే వరుసలో సర్దుతూ వెళ్లాలి. గ్యాపు చిన్నదైన చోట ఫైబర్ అంచును అరగదీయవచ్చు, పెద్దదైన చోట వెనుక మ్యాట్ పొర వేసి అంచును పెంచవచ్చు. లప్పంతో అంచు పెంచడం మాత్రం వద్దు, తలుపు రెండుసార్లు గట్టిగా వేస్తే రాలిపోతుంది. పెయింట్ దాకా వెళ్లేలోపు బంపరు, లైట్లు, గ్రిల్లు, తాళాలు అన్నీ ఒకసారి పూర్తిగా బిగించి చూసి, మళ్లీ విప్పాలి. ఈ దశను తొందరపెట్టిన పని ఏదీ చూడముచ్చటగా రాదు.

రంధ్రం వేస్తుంటే జెల్‌కోటు పెచ్చులు లేస్తోంది. ఏం చేయాలి?

మాస్కింగ్ టేపు అతికించి, జెల్‌కోటు ఉన్న పైవైపు నుంచే డ్రిల్ చేయండి, వెనుక చెక్క ముక్క ఆసరాగా పట్టండి. మొదట 3 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టి, నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్లాలి. కోతకు పళ్ల రంపం కంటే సన్నని గరుకు చక్రం మేలు. కోసిన అంచుకు రెజిన్ పూత వేయకపోతే పీచు చివరల గుండా తేమ లోపలికి పాకుతుంది.

బోల్టు మేలా, రివెట్టా, అతుకు గమ్మా?

విప్పదీయగలిగేలా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం, అందువల్ల వీలున్న ప్రతిచోటా బోల్టే వాడండి. తుప్పు పట్టని స్టీలు ఎం6 బోల్టు, దాని కింద వెడల్పాటి వాషరు, వాషరుకూ ఫైబర్‌కూ మధ్య పల్చటి రబ్బరు — ఈ మూడూ ఉండాలి. రంధ్రాన్ని బోల్టు కంటే కాస్త పెద్దదిగా వేయండి. ఒక మీటరు ఫైబర్ పలక 40 డిగ్రీలు వేడెక్కితే ఒక మిల్లీమీటరుకు కొంచెం పైగా సాగుతుంది, అంతే పొడవు ఉక్కు దాదాపు అర మిల్లీమీటరే సాగుతుంది. వేసవి మధ్యాహ్నం బరంపురంలో ఎండలో నిలిపిన నల్ల బానెట్‌కు ఆ వేడి సులువుగా చేరుతుంది. కదలడానికి చోటు లేకపోతే ఆ ఒత్తిడంతా రంధ్రం చుట్టూ పగుళ్లుగా బయటపడుతుంది. పానతో చివరిదాకా బిగించవద్దు, రబ్బరు కొద్దిగా నొక్కుకోగానే ఆపి, నైలాన్ లాక్ నట్టు వేయండి. రివెట్లు వేయక తప్పకపోతే వెనుక వాషరు వేయండి. పాలియూరేథేన్ గమ్ము చిన్న అంచులకు మంచిదే గానీ, ఊడదీయాలంటే పెయింటుతో సహా వస్తుంది.

వెడల్పు మడ్‌గార్డు వేయాలంటే అసలు రేకు కోయాలని షెడ్డువాళ్లు అంటున్నారు. కోయించమంటారా?

వద్దు. ఈ విషయంలో నేను మొహమాటపడను. వెనుక చక్రం తోరణం (చక్రం పైనుండే రేకు వంపు) దగ్గర బయటి రేకూ, లోపలి రేకూ కలిసే అంచు వెల్డింగే ఆ మూలకు బలం. కొన్ని కార్లలో వెనుక స్ప్రింగు భారం కూడా ఆ చుట్టుపక్కల రేకు మీదే పడుతుంది. ఆ అంచును కోసి, మళ్లీ సరిగా కలిపి వెల్డింగ్ చేయకుండా, మధ్యలో మ్యాట్ పరిచి మూసేసిన పనులు ఉన్నాయి. అలాంటి కారు గుంతలో పడిన ప్రతిసారీ ఆ మూల కొంచెం కొంచెంగా తెరుచుకుంటుంది. ఉక్కు రేకు మీద నేరుగా అతికిన ఫైబర్ శాశ్వతంగా నిలవదు: రేకు ఒకలా సాగుతుంది, ఫైబర్ ఒకలా సాగుతుంది, మధ్యలోకి తేమ చేరి తుప్పు మొదలవుతుంది, చివరకు అతుకు గీత పెయింటు మీద తేలుతుంది.

కారు వెడల్పుగా కనిపించాలన్న కోరిక న్యాయమైనదే. దానికి అసలు తోరణం అంచు మీద పైనుంచి బోల్టులతో కూర్చునే విడి తోరణాలు ఉన్నాయి. 1971లో జపాన్‌లో వచ్చిన ఫెయిర్‌లేడీ 240జడ్‌జీకి కంపెనీయే ఇలాంటి పైతోరణాలు పెట్టింది. అవి కనపడేలా బిగించినా అందంగానే ఉంటాయి. రేపు వింటేజ్ నమోదుకైనా, అమ్మకానికైనా వాటిని విప్పి, చిన్న రంధ్రాలు పూడ్చుకుంటే చాలు.

ఫైబర్ దుమ్ము నిజంగా అంత ప్రమాదమా?

ప్రమాదమే. గ్రైండర్ పట్టినప్పుడు కనీసం ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి. రెజిన్ పూసేటప్పుడు వచ్చే ఘాటైన స్టైరీన్ ఆవిరిని ఎన్95 ఆపలేదు, దానికి బొగ్గు గుళికలున్న మాస్కు కావాలి. పని ఆరుబయట గానీ రెండు వైపులా తెరిచిన షెడ్డులో గానీ చేయండి. ఒంటికి పట్టిన పీచును చన్నీళ్లతో కడగండి, రుద్దకండి. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానీయకండి.

## రెజిన్ పని

హార్డెనర్ ఎంత కలపాలి?

పాలిస్టర్ రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం. అంటే కిలో రెజిన్‌కు 10 నుంచి 20 గ్రాములు. వేసవిలో 1 శాతం వైపు, చలికాలంలో 2 శాతం వైపు ఉండండి. కోరాపుట్ కొండల మీద డిసెంబరు రాత్రుల్లో రెజిన్ గట్టిపడకపోతే హార్డెనర్‌ను అంతకు మించి పెంచకండి, పగటి వేడిలో పని చేయండి. ఎక్కువైన హార్డెనర్ పొరను పెళుసుగా చేస్తుంది. ఒకేసారి ఎక్కువ కలపవద్దు: డబ్బాలో మిగిలిన చిక్కటి రెజిన్ తనంతట తానే వేడెక్కి పొగలు కక్కుతుంది, కొన్నిసార్లు అంటుకుంటుంది. మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్ల రెజిన్ సరిపోతుంది.

కోబాల్ట్ (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రావణం), హార్డెనర్ రెండూ ముందే కలిపి ఉంచుకోవచ్చా?

ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. ఈ రెండూ నేరుగా కలిస్తే మంటగానీ పేలుడుగానీ జరగవచ్చు. మన బజారులో కొన్ని రెజిన్లకు కోబాల్ట్ ముందే కలిపి అమ్ముతారు, కొన్నింటికి విడిగా కొనాలి. విడిగా కొంటే మొదట కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ వేయాలి. రెండు సీసాలకూ ఒకే చెంచా వాడకండి, రెండింటినీ ఒకే అలమరలో పెట్టకండి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

వానాకాలంలో పని చేయవచ్చా?

మ్యాట్ పని ఆపేయడం మేలు. జులై నుంచి సెప్టెంబరు వరకు ఇక్కడి గాలిలోని తేమ మ్యాట్‌కు పట్టి, రెజిన్ తెల్లబారి, పైపొర జిగటగా మిగులుతుంది. ఆ నెలల్ని తుప్పు పనికీ, వైరింగ్‌కూ వాడుకోండి.

పాత పాలిస్టర్ ఫైబర్ భాగాన్ని ఎపాక్సీతో (మరో రకం రెజిన్) మరమ్మతు చేయవచ్చా?

చేయవచ్చు, బాగా పట్టుకుంటుంది. దీనికి విరుద్ధంగా, ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగా అతకదు. మామూలు చిన్న ముక్కల మ్యాట్‌లోని బంధకం పాలిస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది గానీ ఎపాక్సీకి కరగదు, అందువల్ల ఎపాక్సీతో నేసిన గ్లాసు గుడ్డ వాడాలి. చీలిక చుట్టూ మందానికి 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీసి పొరలు వేయండి. 3 మిల్లీమీటర్ల పలకకు అది సుమారు 36 మిల్లీమీటర్లు.

## వైరింగ్, చక్రాలు, వేడి

కిట్టు వేశాక హెడ్‌లైట్లు మసకబారాయి, ఇండికేటర్లు పిచ్చిగా వెలుగుతున్నాయి. ఎందుకు?

ఎర్తు పోయింది. పాత కార్లలో లైటు ఎర్తు చాలాసార్లు ఇనప రేకు గుండానే వెళ్తుంది. ఫైబర్ గుండా విద్యుత్తు పారదు. స్పిట్‌ఫైర్, హెరాల్డ్‌లలో హెడ్‌లైట్లు బానెట్‌లోనే ఉంటాయి కాబట్టి ఈ సమస్య వాటికి తప్పదు. ప్రతి లైటు గిన్నె నుంచి విడిగా నల్ల వైరు తీసి, అన్నింటినీ చాసిస్ మీద రంగు గీకిన ఒకే చోట బోల్టుకు కలపండి, ఆ చోట గ్రీజు పూయండి. బానెట్ కీలు దగ్గర వైరు వంగే చోట కొంత వదులు ఉంచాలి.

వెడల్పు టైర్లు వేశాక మడ్‌గార్డుకు తగులుతున్నాయి. ఎలా సరిచూడాలి?

స్ప్రింగు తీసేసి, జాకీతో చక్రాన్ని పైకి గరిష్ఠంగా లేపి, ఆ స్థితిలో స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. ఖాళీ బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు తగలకపోవడం ఏమీ చెప్పదు. చక్రం బయటికి జరిగే కొద్దీ బేరింగు మీద భారం పెరుగుతుంది. దానికీ హద్దు ఉంది.

ముందు స్పాయిలర్ వేశాక ఇంజన్ వేడెక్కుతోంది.

రేడియేటరు కిందికి గాలి చేరే దారి మూసుకుపోయి ఉంటుంది. స్పాయిలర్ మధ్యలో తగిన ద్వారం తెరిచి, అక్కడి నుంచి రేడియేటరు దాకా అల్యూమినియం రేకుతో గాలి దారి కట్టండి. రేడియేటరు పక్కల సందులు మూయకపోతే గాలి వాటిలోంచే జారిపోతుంది. నేల నుంచి ఎత్తు కూడా చూసుకోండి, మన ఊళ్లలో వేగనిరోధకాలకు ఒక కొలత అంటూ ఉండదు.

సైలెన్సర్ గొట్టం ఫైబర్‌కు ఎంత దూరం ఉండాలి?

సాధ్యమైనంత. దూరం కుదరని చోట మధ్యలో గాలి ఖాళీ ఉండేలా అల్యూమినియం కవచం బిగించండి.

## ప్రైమర్, పెయింట్

జెల్‌కోటు మీద నేరుగా పెయింట్ వేయవచ్చా?

వేయకూడదు. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన మైనం ఇంకా ఆ ఉపరితలం మీద ఉంటుంది. ముందు సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక, మైనం తొలగించే ద్రావణంతో శుభ్రమైన గుడ్డలు మారుస్తూ తుడవాలి. ఆ తర్వాతే 220, 320 నంబరు కాగితాలతో మెరుపు పోయేదాకా రుద్దండి. మైనం తీయకుండా రుద్దితే అది గీతల్లోకి దిగి, పెయింటు చేప కన్నుల్లా చీలుతుంది. జెల్‌కోటు దాటి పీచు కనపడేదాకా రుద్దవద్దు. సూదిబెజ్జాలు పాలిస్టర్ లప్పంతో పూడ్చి, పూర్తిగా ఆరబెట్టి, రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ వేయండి.

పెయింట్ వేసిన కొన్ని నెలలకు మ్యాట్ పీచు ఆకారం పైకి కనిపిస్తోంది. నివారణ ఉందా?

రెజిన్ పూర్తిగా ముదరకముందే పెయింట్ వేయడం వల్ల ఇలా అవుతుంది. ఎండ వేడికి రెజిన్ మరికొంత ముదిరి, కుంచించుకుని, పీచు గీతలు పైకి తేలతాయి. కొత్త భాగాన్ని ప్రైమర్ దశలోనే కొన్ని వారాలు ఎండలో ఉంచి, మళ్లీ రుద్ది, ఆ తర్వాత రంగు వేయడమే నివారణ. ఇప్పటికే తేలితే 400 నంబరుతో సమం చేసి మళ్లీ వేయాలి.

ఏ రంగు మంచిది?

లేత రంగులు. ముదురు రంగు కింద ఫైబర్ ఎక్కువ వేడెక్కుతుంది.

## రోడ్డెక్కాక

మొదటి ప్రయాణం ఎలా చేయాలి?

ముందు ఊరి చుట్టూ తక్కువ వేగంతో నడిపి, ఆగి, ప్రతి బోల్టూ చేత్తో కదిపి చూడండి. ఆ తర్వాత సాలూరు నుంచి సుంకి ఘాటు మీదుగా కోరాపుట్ వైపు వెళ్లే రోడ్డు మంచి పరీక్ష: మలుపుల్లో చట్రం మెలిపడుతుంది, ఎక్కుడులో ఇంజన్ వేడి తెలుస్తుంది, దిగుడులో బ్రేకులకు గాలి అందుతోందో లేదో తెలుస్తుంది. పైకి చేరాక బానెట్ తెరిచి, టైరు రాసిన నల్లని చారలు, ఫైబర్ మీద వేడికి గోధుమరంగు తిరిగిన మచ్చలు ఉన్నాయేమో వెతకండి.

నక్షత్రం ఆకారంలో సన్నటి పగుళ్లు వచ్చాయి.

వెనుక నుంచి దెబ్బ తగిలినప్పుడో, బోల్టు అతిగా బిగిసినప్పుడో అలా వస్తాయి. లప్పం పూసి వదిలేస్తే మళ్లీ తేలతాయి. పగులు పొడవునా జెల్‌కోటును సన్నని ‘వి’ ఆకారంలో చెక్కి, వెనుక వైపు మ్యాట్ పొర వేసి, ఆపైన పూడ్చాలి. కారణమైన బోల్టును సడలించకపోతే మరమ్మతు నిలవదు.

బీమా కంపెనీకి చెప్పాలా?

తప్పనిసరిగా, రాతపూర్వకంగా. చెప్పని మార్పును సాకుగా చూపి క్లెయిమును తిరస్కరించవచ్చు.

విప్పిన అసలు రేకు భాగాలను ఏం చేయాలి?

ఒక్క బోల్టు కూడా పారేయవద్దు, పాత సామాను వారికి తూకానికి వేయవద్దు. అసలు బానెట్, మడ్‌గార్డులు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. వాటిని కడిగి, బాగా ఆరబెట్టి, లోపలి మడతల్లోకి పల్చటి నూనె గానీ మైనపు పూత గానీ పట్టించి, నేలకు తగలకుండా పాత దుప్పట్లు చుట్టి వేలాడదీయండి. ప్లాస్టిక్ కాగితం చుట్టకూడదు, లోపల చెమ్మ పట్టి తుప్పు వేగంగా పాకుతుంది. బోల్టులను ఏ భాగానివి ఆ భాగం పేరు రాసిన సంచుల్లో కట్టి, ఆ భాగానికే తగిలించి ఉంచండి. ప్రతి ఏడాదీ వానలు వెలిశాక అక్టోబరులో ఒకసారి విప్పి చూసి, నూనె మళ్లీ పట్టించండి.